కంప్యూటర్ ముచ్చట్లు: పుట్టింటికీ మెట్టినింటికీ ఒక గీత

మన భివండీలో, ముఖ్యంగా పద్మానగర్, కామత్‌ఘర్ వైపు, పెళ్ళి మాటలు మొదలైతే మొదటి ప్రశ్న "మీ ఇంటిపేరేమిటి?" అని. రెండోది "ఫలానావారు మీకేమవుతారు?" అని. మొదటిదానికి సంఘం రిజిస్టరు జవాబు చెబుతుంది. రెండోది పెద్దల నోటనే ఉండేది. సాంచాల పనికని సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి వచ్చిన పాతతరం వారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఏ ఇంటి ఆడపడుచు ఏ ఇంటికి వెళ్ళిందన్న లెక్క వారితోనే పోతోంది. రిజిస్టరు వరుసల్లోంచే ఆ బంధాల పటం గీయించే ఉపాయం ఒకటి ఉంది. ఈసారి దాని గురించే.

ఒక పెళ్ళికి ఒక అడ్డవరుస. మొదటి గడిలో పుట్టిల్లు, రెండో గడిలో మెట్టినిల్లు. ఇల్లు ఒక ముడి, పెళ్ళి ఒక పోగు. మగ్గం తెలిసిన మనకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. ఎక్సెల్‌లో ఎక్కించిన ఈ పట్టికను పైథాన్ భాషలోని పాండాస్ చదువుతుంది. నెట్‌వర్క్‌ఎక్స్ అనే మరో ఉచిత సరంజామా, ‘ఫ్రమ్ పాండాస్ ఎడ్జ్‌లిస్ట్’ అన్న ఒక్క ఆజ్ఞతో దాన్ని ముడులూ పోగులుగా మార్చేస్తుంది. ఇంజనీరింగు చదివే మీ పిల్లలకు ఒక సాయంత్రం పని.

అసలు పని అంతకు ముందుంది. మహారాష్ట్ర కాగితాల్లో తన పేరు, తండ్రి లేదా భర్త పేరు, చివర ఇంటిపేరు. మనకేమో ఇంటిపేరే ముందు. ‘వేముల’ ఒకచోట ‘వేములా’ అని, మరోచోట ‘వేముల్’ అని పడితే కంప్యూటరుకు అవి మూడు ఇళ్ళు. పెళ్ళయ్యాక అమ్మాయి కాగితాలన్నీ భర్త ఇంటిపేరుకు మారితే, పుట్టిల్లు గడి ఖాళీ! దీనికి తిరకాసు కూడా ఉంది. ఒకే ఇంటిపేరున్న రెండు వేర్వేరు కుటుంబాలను అది ఒకే ఇల్లుగా కలిపేస్తుంది. అందుకే ఇంటిపేరు పక్కన సొంత ఊరు, గోత్రం కూడా చేర్చాలి. ఇక మేనరికాలు, కుండమార్పిడి పెళ్ళిళ్ళు సరేసరి. రెండిళ్ళ మధ్య నాలుగు పెళ్ళిళ్ళు జరిగినా మామూలు గ్రాఫు ఒక్క గీతే ఉంచుతుంది. అన్నీ నిలవాలంటే ‘మల్టీగ్రాఫ్’ అడగాలి.

బొమ్మ గీసే పద్ధతుల్లో వాడుకలో ఉన్నది స్ప్రింగ్ లేఅవుట్. 1991లో ఫ్రుక్టర్‌మన్, రైన్‌గోల్డ్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతి ఇది. ప్రతి గీతా ఒక స్ప్రింగులా ఇళ్ళను దగ్గరకు లాగుతుంది. ఇళ్ళు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మళ్ళీ గీయిస్తే అదే పట్టికకు వేరే బొమ్మ వస్తుంది. కనుక "మా ఇల్లు మూలకు పడిందే" అని ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. గీత ఉందా లేదా అన్నదే చూడాలి.

నెట్‌వర్క్‌ఎక్స్‌లోనే అభ్యాసానికని ఒక పాత పట్టిక ఉంచారు. 15వ శతాబ్దపు ఫ్లోరెన్స్ నగరంలో 15 కుటుంబాలు, వాటి మధ్య 20 వియ్యాలు. అదీ మనలాంటి బట్టల ఊరే, కాకపోతే ఉన్నిబట్ట. 1427 నాటి లెక్కల్లో స్ట్రోజీ కుటుంబం ఆస్తి మెడిచీల కంటే ఎక్కువ. కానీ 1434లో ఊరి పెత్తనం మెడిచీల చేతికొచ్చింది. పటం చూస్తే, మెడిచీలకు ఆరిళ్ళతో వియ్యం, స్ట్రోజీలకు నాలుగిళ్ళతో. మెడిచీలను తీసేస్తే అచ్చయువోలీ ఇల్లు ఒంటరిదవుతుంది; సాల్వియాతీ, పాజ్జీ ఇళ్ళు రెండూ మిగతావారికి దూరంగా తెగిపడతాయి. ఒక ఇల్లు ఎంతమందికి దారి మధ్యలో ఉందో చెప్పే ఆ లెక్కను ‘బిట్వీన్‌నెస్’ అంటారు. సంబంధాలు కుదిర్చే మన పెద్దమ్మలకు ఆ మాట తెలియదు గానీ, లెక్క తెలుసు.

మన పట్టికకూ ఇదే లెక్క వేసి చూడండి. షోలాపూర్‌తోనో సిరిసిల్లతోనో మీ వాడకట్టుకున్న రాకపోకలన్నీ ఒకటి రెండు ఇళ్ళ మీదే ఆధారపడి ఉన్నాయేమో తేలుతుంది. అలాంటి ఇంటి పెద్దలున్నప్పుడే వెళ్ళి, ఒక పూట కూర్చుని రాసుకోవాలి.

నన్ను ఆలోచింపజేసేది ఇంకొకటి. మరాఠీ అబ్బాయిని చేసుకున్న మన అమ్మాయి, వేరే కులంలో చేసుకున్న అబ్బాయి చాలా రిజిస్టర్లలో కనిపించరు. పట్టికలో లేనిది పటంలోకి రాదు. ఆ ఇంటికి బంధువులే లేరన్నట్టు బొమ్మ చూపుతుంది. ఇది కంప్యూటరు తప్పు కాదు, రాయించని మనదే. ఆ వరుసలూ చేర్చాలని నా అభిప్రాయం. కొందరు పెద్దలకు ఇష్టం లేదని తెలిసే అంటున్నాను.

పట్టికలో పుట్టిల్లు, మెట్టినిల్లు, గోత్రం, సొంత ఊర్లు, పెళ్ళయిన సంవత్సరం ఉంటే చాలు. ఆడపిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు ఇందులో అక్కర్లేదు. గీసిన పటాన్ని వాట్సాప్‌లో తిప్పవద్దు, సంఘం గోడకు తగిలించండి.