అప్పీలు హక్కు. దయ కాదు.

పోయిన భాగంలో బెయిలు గురించి రాశాను. ఇవాళ శిక్ష పడ్డాక ఏమవుతుందో మాట్లాడుకుందాం.

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో వెల్డన్ ఏంజెలోస్ అని ఒక మ్యూజిక్ ప్రొడ్యూసర్. 2002లో పోలీసు ఇన్‌ఫార్మర్‌కి మూడుసార్లు గంజాయి అమ్మాడు. ఒక్కోసారి పావుకిలో కంటే కాస్త తక్కువే. అమ్మేటప్పుడు దగ్గర తుపాకీ ఉందన్నారు. దాన్ని ఎవరి మీదా ఎక్కుపెట్టలేదు. నేరం ఒప్పుకుంటే 15 ఏళ్లతో సరిపెడతామని ప్రాసిక్యూషన్ బేరం పెట్టింది. అతను ఒప్పుకోలేదు. తుపాకీ అభియోగాలు పెంచేశారు. 2004లో 55 ఏళ్ల జైలు పడింది. మొదటి తుపాకీ నేరానికి 5, తర్వాతి రెండింటికి 25 చొప్పున.

ఈ శిక్ష అన్యాయం, క్రూరం అని తీర్పులో రాసింది ఎవరో కాదు, శిక్ష వేసిన జడ్జి పాల్ కాసెలే. అదే రోజు ఒక ముసలామెను కొట్టి చంపిన మనిషికి ఆయన వేసింది 22 ఏళ్లు. కనీస శిక్ష ఇంత అని చట్టం రాసేశాక జడ్జి చేతిలో ఏముంటుంది?

అప్పీలుకి వెళ్తే 2006లో పై కోర్టు శిక్ష చెల్లుతుందంది. సుప్రీంకోర్టు విచారణకే తీసుకోలేదు. చివరికి 2016లో విడుదలయ్యాడు, 2020లో క్షమాభిక్ష వచ్చింది. 2018లో ఆ చట్టాన్ని సవరించారు గానీ, అప్పటికే శిక్ష పడ్డవాళ్లకి అది వర్తించలేదు. అప్పీలులో దొరకాల్సిన న్యాయం దయగా దొరికింది. దయ అందరి గుమ్మం తొక్కదు.

మన ఎన్‌డీపీఎస్ చట్టం దారీ ఇదే. గంజాయి 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్లు, లక్ష జరిమానా. కూలికి మూట మోసినవాడికీ, మోయించిన షావుకారికీ అదే కనీస శిక్ష. షావుకారు దొరకడు, మోసినవాడు దొరుకుతాడు. పైగా సెక్షన్ 32ఏ శిక్ష తగ్గింపుకి తలుపు మూసేసింది. అప్పీలు తేలేదాకా శిక్ష నిలిపేసే అధికారం కోర్టులకు ఉందని 2000లో దాదూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే సెక్షన్ 37 షరతులు దాటాలి.

అందుకే లా చదువుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. సెషన్స్ కోర్టు శిక్ష మీద హైకోర్టుకి 60 రోజుల్లో అప్పీలు వేయాలి. జైలు అధికారి ద్వారా కూడా పంపొచ్చు. తీర్పు కాపీ ఉచితంగా ఇవ్వాలి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకీ, జైల్లో ఉన్నవాళ్లకీ ఉచిత లాయరు హక్కు.

ములాఖత్‌కి వెళ్లినప్పుడు ఎందుకు చేశావని తర్వాత అడగండి. అప్పీలు వేశారా అని ముందు అడగండి. కనీస శిక్షల చట్టం మారాలన్న పోరాటం వేరే ఉంది, అదీ చేద్దాం. కానీ ఆ 60 రోజులు మన కోసం ఆగవు.

జై భీమ్.