చూరు కింద వరి కుచ్చు

కోస్తా జిల్లాల పల్లెల్లో కోతలు కాగానే మేలైన వరికంకులు ఏరి, కుచ్చుగా అల్లి, చూరుకో గుడి మండపానికో వేలాడదీసే అలవాటుంది. పిట్టలకు మేత పెట్టడానికి ఇంతకన్నా తెలివైన ఏర్పాటు అరుదు. పిచ్చుక బరువు 25 గ్రాములకు అటూ ఇటూ. ఊగే కంకిని కాళ్లతో పట్టుకుని, ముక్కుతో పొట్టు ఒలుచుకుని తింటుంది. బరువైన పావురానికి అక్కడ నిలదొక్కుకోవడం కష్టం. అవే గింజలు డాబా మీద చల్లితే పావురాలదే రాజ్యం. వాటి రెట్టల దుమ్ము కొందరికి ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది కూడా.

కుచ్చు దగ్గరికి పిచ్చుకలే రావు. ఉడుత తలకిందులుగా వేలాడి కంకి కొరుక్కుపోతుంది. రామచిలుక తినేదానికన్నా రాల్చేదే ఎక్కువ. రాలినవి పగలు గువ్వలకు, రాత్రి ఎలుకలకు. పిల్లి సంగతి చెప్పనక్కర్లేదు. గుంపంతా ఒక్కసారిగా లేచిపోతే డేగ వచ్చిందేమో చూడాలి.

గింజలు అన్నిటికీ నచ్చవు. పిగిలిపిట్ట పండిన జామకు, తేనెపిట్ట మందారానికి వస్తాయి. పిచ్చుక సైతం కూనలకు మొదట్లో పురుగులే తినిపిస్తుంది. పురుగుమందు కొట్టిన పెరట్లో కుచ్చు ఒక్కటే ఏం చేస్తుంది? వేసవిలో మేతకన్నా నీళ్లు ముఖ్యం. లోతులేని మట్టి మూకుడును నీడలో పెట్టి, దోమలు పెరగకుండా రోజూ కడిగి నింపాలి.

పిట్టలను చూడడానికి పొద్దుటి వేళ అనుకూలం. మగ పిచ్చుక గొంతు కింది నల్లమచ్చతో గుర్తుపట్టడం మొదలుపెట్టవచ్చు.