తోతాపురి మామ

చిత్తూరు నుంచి బెంగుళూరు పోయే బస్సు మొగిలి ఘాటు ఎక్కబోయే ముందు బంగారుపాళ్యంలో ఆగుతుంది. అక్కడ దిగితే మా మేనమామ తోటకు దారి అడగనక్కరలేదు. మామిడి కారులో వాసనే చెయ్యిపట్టి తీసుకుపోతుంది.

మా తాత వేసిన తోట అది. పాలెగాళ్ళ ఊరు కదా, తాతకూ కాస్త ఆ ధోరణి ఉండేది. బేనీషా, నీలం, మల్గోవా పెంచి, అమ్మినదానికన్న పంచిందే ఎక్కువ. ఆయన పోయాక మామ ఆ చెట్లలో చాలావాటిని కొట్టించి తోతాపురి వేశాడు. జిల్లా అంతా అదే వేసింది మరి. ఏటేటా విరగకాస్తుంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఈ చిలుకముక్కు కాయ దోరగా ఉన్నప్పుడు ఉప్పూకారంతో బహు రుచి. పండాక మాత్రం బేనీషా పక్కన నిలవలేదు. దీని గొప్పంతా గుజ్జులోనే ఉంది. ఇంగ్లండులో హెర్ఫర్డు ప్రాంతంలో నోట పెట్టలేనంత వగరు ఆపిలు పండ్లను సైడరు అనే పులిసిన పానీయం కోసమే పెంచుతారు. మన తోతాపురికి అవి దూరపు చుట్టాలనుకోండి. కాని అక్కడ ఎన్నో రైతు కుటుంబాలు తమ పండును తామే పిండుకున్నాయి. ఇక్కడ ఫ్యాక్టరీ పిండాలి. బేనీషా అయితే గంపలో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నా నాలుగు డబ్బులొస్తాయి. తోతాపురి ఫ్యాక్టరీ గేటు దాటకపోతే ఎరువే.

2025లో అంత పనీ అయింది. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, వెరసి 12 ఇవ్వాలని నిర్ణయం. చాలామంది రైతులకు ఫ్యాక్టరీ దగ్గర ఆ ఎనిమిదీ దక్కలేదు. మామ ట్రాక్టరు ఒక గేటు ముందు మూడు రాత్రులు నిలబడింది. అడుగుకాయ నలిగి రసం రోడ్డు మీద కారింది.

"బాడుగ కూడా రాలేదురా," అన్నాడు మామ నాతో. అంతకు మించి ఆ సంగతి ఎత్తడు.

రోడ్డు మీద కారిన ఆ రసాన్ని చూసి ఊరుకోనిది ఆయన కోడలు. పాడుబడిన చెరుకు గానుగ కొట్టాన్ని బాగుచేయించి, ఒక చిన్న యంత్రం పెట్టింది. మాగిన పండ్లు కడిగి, ముక్కలు కోసి వేస్తే టెంకా తొక్కా ఒక పక్కకు, గుజ్జు ఒక పక్కకు వస్తాయి. దాన్ని కాచి, వేడిమీదనే సీసాల్లో పోసి మూత బిగిస్తారు.

"చల్లారనిస్తే పులిసిపోతుందన్నా. మొదట్లో పోసిన సీసాలు అర్ధరాత్రి టపటపా పేలినాయి," అంది ఆ అమ్మాయి.

"ఇంగ్లండులో అయితే పులిసినదానికే గిరాకీ," అన్నాను.

"మన ఇంట్లో అట్లాంటివి వద్దు నాయనా," అంది అత్త, లోపలినుంచే.

కొట్టం మింగేది తోట కాపులో పిడికెడే. మిగతాదంతా ఇప్పటికీ ఫ్యాక్టరీకే పోవాలి. అయినా రెండు గ్లాసులు తాగాను. తోతాపురి పులుపు మీద ఎక్కడిదో పూలవంటి వాసన తేలుతున్నది. అడిగితే, గొడ్డలి తప్పించుకున్న తాతగారి నీలం చెట్టు పండ్లు కొన్ని కలిపిందట. ఆ ఒక్క చెట్టు చాలడం లేదట.

మామ ఆ మాట వినీ విననట్టు లేచి గట్టు మీదికి పోయాడు. అక్కడ కూలీలు గుంతలు తీస్తున్నారు. వెనకే వెళ్ళి, ఇవి దేనికి మామా అన్నాను.

"ఊరికే," అన్నాడు.

"నీలం అంట్లకు," అంది అత్త, నా వెనక గ్లాసు కోసం వచ్చి.