యోగచికిత్సకుల జీవనోపాధి

మొన్న కృష్ణాడెల్టానుండి యొక రైతుపెద్ద మా కార్యాలయమునకు వచ్చి, కుశలప్రశ్నలైన పిమ్మట తాము వచ్చిన పనిని చెప్పిరి. వారి కొమార్తె పట్టభద్రురాలు. యోగశాస్త్రమున పైచదువు చదివి యోగచికిత్సకురాలు కాగోరుచున్నది. తండ్రికి అందులకు అభ్యంతరము లేదు. "చదువునకు కావలసిన సొమ్ము ఎట్లో తెత్తును గాని, అయ్యా, అది చదివినవారికి నెలకేమి ముట్టునో మీరైన చెప్పగలరా?" అని వారి ప్రశ్న. మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. యోగమహిమను గూర్చి పత్రికలన్నియు వ్రాయుచున్నవి, మేమును వ్రాసితిమి. యోగము నేర్పువాడు ఏమి తిని బ్రతుకునో విచారించినవారము కాము. ఆ లోపమును నేడు కొంతవరకైన తీర్పనెంచితిమి.

2014 డిసెంబరు 11వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ జూన్ 21ని అంతర్జాతీయ యోగదినముగా నంగీకరించినది. 177 దేశములు ఆ తీర్మానమునకు సహప్రతిపాదకులై నిలిచినవి. ఆ సంవత్సరము నవంబరులోనే కేంద్రప్రభుత్వము ఆయుష్‌ను ప్రత్యేక మంత్రిత్వశాఖగా నేర్పరచినది. నాటినుండి ఏటేట ఆ యుదయమున మైదానములందు చాపలు పరచుచున్నారు. మంత్రులును కలెక్టర్లును ఆసనములు వేయుచున్నారు. ఛాయాచిత్రములు మాకు వచ్చుచున్నవి, మేమును ప్రకటించుచున్నాము. మరునాడు ఆ చాపలు చుట్టి మోసికొనిపోవు యువకుని జీతమెంతయని యడిగినవారిని మేమెరుగము.

ఈ విషయమున ముందుగా నొక భేదమును గుర్తింపవలసియున్నది. యోగశిక్షకుడు వేరు, యోగచికిత్సకుడు వేరు. ఆరోగ్యవంతులైన ముప్పదిమందిని వరుసగా నిలిపి సూర్యనమస్కారములు చేయించువాడు శిక్షకుడు. నడుమునొప్పితో వంగలేని యొక రోగిని ఎదుట కూర్చుండబెట్టుకొని, అతని వయస్సు, వృత్తి, నిద్ర, ఆహారము, వైద్యుడిచ్చిన మందులు, తీయించిన ఎక్స్‌రేలు అన్నియు తెలిసికొని, అతనికి తగిన నాలుగైదు అభ్యాసములను మాత్రమే ఏర్చి, అతని స్థితిని బట్టి వానిని మార్చుచు నడపువాడు చికిత్సకుడు. ఏది చేయింపవలెనో తెలియుటకంటె ఏది చేయింపరాదో తెలియుట ఈ వృత్తికి ముఖ్యము. శీర్షాసనమువలన కంటిలోని పీడనము హెచ్చును; నీటికాసుల వ్యాధి గలవానిచే దానిని వేయించుట ప్రమాదకరము. వెన్నులో డిస్కు జారినవానిని బలవంతముగా ముందునకు వంచుటయు నట్టిదే. ఈ చికిత్స నిష్ప్రయోజనమనుటకు వీలులేదు. దీర్ఘకాలికమైన నడుమునొప్పికి మందులకు ముందుగా ప్రయత్నింపదగిన మార్గములలో యోగమును అమెరికన్ కాలేజీ ఆఫ్ ఫిజీషియన్స్ వారు తమ 2017 నాటి మార్గదర్శకములలో చేర్చియున్నారు. స్వదేశాభిమానముచే మేము చెప్పుమాట గాదు.

ఇక లెక్కలకు వత్తము. జాతీయ ఆయుష్ మిషన్ క్రింద ఆరోగ్యకేంద్రములకు పార్ట్‌టైము యోగశిక్షకులను నియమించుటకై తెలంగాణమునందును ఇతర రాష్ట్రములందును ఇటీవలి సంవత్సరములలో వెలువడిన ప్రకటనలను చూచితిమి. గంటసేపు జరుగు తరగతి యొక్కింటికి 250 రూపాయలు. పురుషునకు నెలకు 32 తరగతులు, అనగా 8,000 రూపాయలు. స్త్రీకి 20 తరగతులు, అనగా 5,000 రూపాయలు. పేరునకు వీరు శిక్షకులే. కాని కేంద్రమునకు వచ్చువారో, మధుమేహము, రక్తపోటు, మోకాళ్లనొప్పులు గలవారు. వారు శిక్షకుని చికిత్సయే యడుగుదురు.

ఈ మొత్తమును మరియొక మొత్తముతో పోల్చి చూడుడు. 2024–25లో మన రెండు రాష్ట్రములందును ఉపాధిహామీ పథకము క్రింద దినకూలి 300 రూపాయలుగా నుండెను. ఆ చొప్పున నెలలో 26 దినములు పనిచేసినవానికి 7,800 రూపాయలు వచ్చును. దినమంతయు మన్ను త్రవ్వువానితో దినమున కొక గంట పనిచేయువానిని పోల్చుట న్యాయముగాదని ప్రభుత్వము తరఫువారనవచ్చును. నిజమే, మేమును ఆ కూలివాని కూలి చాలునని యనుటలేదు. కాని ఆ యొక గంట తెల్లవారుజామున నుండును. కేంద్రము పొరుగూర నుండును. రాకపోకల ఖర్చు తనదే. ఆ గంటకై యతడు మరియొక స్థిరమైన ఉద్యోగమును వదలుకొనవలసియుండును. చదివిన చదువునకు పెట్టిన సొమ్ము వేరు.

స్త్రీకి పండ్రెండు తరగతులు తగ్గించుటకు కారణమేమో మాకు బోధపడలేదు. రేటు సమానమే గదా యని సమాధానము చెప్పవచ్చును. రేటు సమానము, రాబడి అసమానము. మేము చూచిన కేంద్రములలో అభ్యాసమునకు వచ్చువారిలో స్త్రీలే హెచ్చు. గర్భిణులును బాలింతలును స్త్రీ శిక్షకురాలినే కోరుదురు. పని యెచ్చట హెచ్చుగా నున్నదో అచ్చటనే తరగతులు తగ్గించిరి! మా వద్దకు వచ్చిన రైతుపెద్దకు ఈ సంగతి చెప్పినప్పుడు వారు నవ్వి, "ఆడకూలికి తక్కువ యిచ్చు అలవాటు మాకే యున్నదనుకొంటిని" అనిరి.

సర్కారు కొలువు వలదు, స్వతంత్రముగా చికిత్సాలయము పెట్టుకొందుననువాని సంగతి చూతము. ఊహకు ఒక లెక్క వేయుదము. ఒక జిల్లా కేంద్రమున దినమునకు అయిదుగురు రోగులు, ఒక్కొక్కరికి ముప్పావుగంట, మనిషికి 500 రూపాయలు. దినమునకు 2,500, నెలకు 24 దినములైనచో 60,000 రూపాయలు. వినుటకు బాగున్నది. కాని రోగులందరును చెప్పిన దినమున రారు. వర్షము, పెండ్లి, వ్యవసాయపు పని యేదో యొకటి యడ్డువచ్చును. మూడవవంతు పోయినదనుకొన్నచో మిగిలినది 40,000. అందులో గది అద్దె, దీపము, ఊడ్చువారి జీతము, తదితరములు 18,000 తీసివేసినచో 22,000 రూపాయలు చేతికి వచ్చును. దినమున కయిదుగురు రోగులు రాదొడగుటకు రెండు మూడు సంవత్సరములు పట్టును. అంతవరకు తండ్రి యింటి బియ్యమే గతి.

ఇందులో మరియొక చిక్కు కలదు. చికిత్సకుడు ఎంత సమర్థుడైన రోగి అంత త్వరగా కుదిరి, నమస్కారము చేసి వెళ్లిపోవును. మంచి చికిత్సకునికి పాతరోగులు మిగులరు. అదే మనిషి ముప్పదిమందిని ఒక హాలులో చేర్చి, మనిషికి నెలకు 1,000 రూపాయల చొప్పున ఉదయమొక జట్టును సాయంత్రమొక జట్టును నడపినచో, దినమునకు రెండు గంటల పనితో నెలకు 60,000 రూపాయలు వచ్చును. వారు కుదిరి వెళ్లిపోరు, ఏండ్లతరబడి వచ్చుచుందురు. కావున చికిత్స నేర్చినవాడు క్రమక్రమముగా చికిత్స మాని గుంపులకు ఆసనములు చెప్పువాడగుచున్నాడు. అందులకు వానిని నిందించి ఫలములేదు. సంసారి యెవ్వడైనను అట్లే చేయును. నష్టపోవునది ఆ నడుమునొప్పి రోగి. అతడు గుంపులో చివరివరుసన నిలిచి, తనకు తగని ఆసనమును తోటివారిని చూచి వేసి, ఉన్న బాధను పెంచుకొనును.

గుంపునకు చెప్పునది చికిత్సయా యను ప్రశ్న న్యాయస్థానమువరకును పోయినది. రుసుము పుచ్చుకొని యోగశిబిరములు నడపిన హరిద్వారపు ట్రస్టు ఒకటి 2006–2011 నడిమి కాలమునకు సర్వీసుటాక్సు చెల్లింపవలెనని అధికారులనగా, తాము రోగములకు చికిత్స చేయుచున్నామని ఆ ట్రస్టువారు వాదించిరి. ఒక్కొక్కరికి రోగనిర్ణయము చేయక, వ్రాతమూలకమైన సలహా యియ్యక, అందరికిని కలిపి చెప్పునది వ్యాయామసేవయే గాని చికిత్స గాదని ట్రిబ్యునలు 2023లో తేల్చినది. సుప్రీముకోర్టు 2024 ఏప్రిలులో ఆ తీర్పునే నిలిపినది. దాదాపు నాలుగున్నరకోట్ల రూపాయల వ్యవహారము. పన్నుతగవులో పుట్టినదైనను, చికిత్స కిట్టి స్పష్టమైన నిర్వచనమును ఏ యోగసంస్థయు ఇచ్చినట్లు మాకు తోపదు.

యోగవిద్య నమ్మదగినది కాదు, రుసుము పుచ్చుకొనుట మహాపాపమని తలంచు సజ్జనులు మనలో పెక్కురు కలరు. వారి సద్భావమును మేము శంకింపము. కాని వారే పంటివైద్యునకు వేలకువేలు సంతోషముతో చెల్లించుచున్నారు. పూర్వము గ్రామవైద్యుడు ఉచితముగా మందిచ్చెనన్నచో, అతనికి మాన్యముండెను. గింజలు ఇంటికి వచ్చెడివి. ఆంధ్రప్రాంతమున 1956 నాటి శాసనముచే ఇనాములే రద్దయినవి. మాన్యము పోయి ఉచితము మాత్రము నిలువవలెననుట యెట్టి ధర్మము? గత శతాబ్దమున యోగమునకు జీవము పోసినవారి చరిత్రయు ఇదియే. కృష్ణమాచార్యులవారి యోగశాల మైసూరు మహారాజు ఆదరమున నడచినది. సంస్థానముల కాలము ముగిసి ఆ యాదరము తొలగగా 1950లో మూతపడినది. కువలయానందస్వామి 1924లో లోనావ్లాయందు కైవల్యధామమును స్థాపించి, ఎక్స్‌రేలతో యోగక్రియలను పరీక్షించిరి. బొంబాయిలో వారి ఆరోగ్యకేంద్రము వెలసినది దాతల ధనముతో. రాజులు పోయిరి, దాతలు ఊరికొక్కరు దొరకరు. నేడు ఇచ్చువాడు ప్రభుత్వమైనను కావలెను, రోగియైనను కావలెను.

శాసనముల యండయు ఈ వృత్తికి తక్కువ. 2018లో ఆయుష్ మంత్రిత్వశాఖ యోగ సర్టిఫికేషను బోర్డు నేర్పరచి, సహాయ చికిత్సకుడు, చికిత్సకుడు, సలహాదారు అను మూడు మెట్లకు పరీక్షలు పెట్టినది. మంచిపని. కాని ఆ యోగ్యతాపత్రము లేనివాడు చికిత్సకుడనని బోర్డు కట్టుకొన్నను అడ్డువచ్చు కేంద్రశాసనము లేదు. ఆయుర్వేద, యునానీ, సిద్ధవైద్యములకు 2020లో జాతీయ కమిషను శాసనము వచ్చినది. అందు యోగమునకును ప్రకృతిచికిత్సకును స్థానము దొరకలేదు. నిజమైన చికిత్సకుని రుసుమును తగ్గించువాడు రోగి కాడు. కర్కటవ్యాధిని సైతము కపాలభాతితో కుదుర్తునని పలుకు పొరుగింటి మాయచికిత్సకుడు. 2025 సెప్టెంబరులో యోగకేంద్రములపై జి.ఎస్.టి.ని 18 నుండి 5 శాతమునకు తగ్గించిరి. ఏటికి ఇరువదిలక్షల రాబడి లేని మన చికిత్సకునికి ఆ పన్నే తగులదు గనుక ఆ సంతోషము పెద్ద కేంద్రములదే.

విదేశములలో డాలర్లు రాలుననుకొని బయలుదేరువారికి ఒక మాట. అమెరికాలో 1989లో స్థాపింపబడిన అంతర్జాతీయ యోగచికిత్సకుల సంఘము తన గుర్తింపునకు కనీసము 800 గంటల చికిత్సాశిక్షణను విధించుచున్నది. హృషీకేశములో నెలదినములకు ముగియు 200 గంటల సర్టిఫికెట్టు శిక్షకునిదే గాని చికిత్సకునిది కాదు. అచ్చటి బీమా సంస్థలు సాధారణముగా ఈ రుసుమును చెల్లింపవు. జర్మనీలో ఆరోగ్యనిధులు గుర్తింపబడిన యోగతరగతుల రుసుములో కొంతభాగమును సభ్యులకు తిరిగి యిచ్చుచున్నవి. అదియు వ్యాధినివారణ తరగతులకే.

ఇంతవరకు విచారించి రైతుపెద్దకు మేము వ్రాసిన ప్రత్యుత్తరమిది. "అమ్మాయికి ఈ విద్యయందు నిజమైన మక్కువ యున్నచో చదివింపుడు. విశాఖపట్టణమున ఆంధ్రవిశ్వవిద్యాలయము వంటి చోట పట్టము పుచ్చుకొని, బోర్డువారి చికిత్సకుల పరీక్ష నిచ్చి, ఒక ఎముకలవైద్యుని కడనో ప్రకృతిచికిత్సాలయముననో రెండేండ్లు పనిచేయుట మేలు. అయిదున్నర సంవత్సరముల ప్రకృతి, యోగ వైద్యపట్టము పొందినవారి మాట వేరు. వారికి వైద్యాధికారి పదవులకు మార్గము కలదు. ఆలస్యమైనది గనుక మీ యమ్మాయికి ఆ దారి కష్టము. మొదటి మూడేండ్లు ఆమె రాబడిని లెక్కలో వేసికొనకుడు. సర్టిఫికెట్టునకై మాత్రము ఎకరము అమ్మవలదు."

ప్రభుత్వమువారికి విన్నవింపవలసినది వేరే కలదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఎముకలవిభాగమునకును మధుమేహవిభాగమునకును అనుబంధముగా, బోర్డు పరీక్షలో నెగ్గిన యోగచికిత్సకుని ఒక్కరినైన పూర్తికాలపు జీతముపై నియమింపవలెను. వైద్యుడు పంపిన రోగిని ఒక్కొక్కరిగా చూచుట అతని పనిగా నుండవలెను. చికిత్సకుల పట్టికను రాష్ట్రము ప్రకటింపవలెను. వీనికి ధనము, కాలము, శాసనము కావలెను, మేము వేచియుండగలము. కాని 32, 20 అను భేదమును తొలగించి స్త్రీలకును ముప్పదిరెండు తరగతులు ఇచ్చుటకు శాసనమక్కరలేదు. ఒక ఉత్తరువు చాలును. దానిని రానున్న జూన్ 21లోపుగా వెలువరింపవలెనని కోరుచున్నాము.