కేబిన్ తలుపు తీసి చూడండి

లారీల వెనక రాతల మీద మనవాళ్ళు ఎన్నో వ్యాసాలు రాశారు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం ‘హార్న్ ఓకే ప్లీజ్’ రాతని నిషేధించినప్పుడు, ఒక జానపద కళ అంతరించిపోతోందని బాధపడ్డవాళ్ళూ ఉన్నారు. మంచిదే. కానీ అదంతా వెనక కారులో కూచుని, ముందు పోతున్న బండిని చూసి ముచ్చటపడేవాడి బాధ. అదే బండి ముందువైపుకి వెళ్ళి, తలుపు తీసి, లోపల ఏముందో చూసి రాసిన వ్యాసం నాకైతే ఒక్కటీ కనబడలేదు. చూసినవాళ్ళు రాయలేదు, నవ్వారు. ‘ఓవర్’ అన్నారు. ‘పెళ్ళి మండపంలా ఉందే’ అన్నారు. నా గొడవ ఆ నవ్వుతోనే.

మా చిన్నాయన మదనపల్లె నుంచి చెన్నై కోయంబేడు మార్కెట్టుకి బొలెరో పికప్‌లో టమాటాలు తోలతాడు. అంతకుముందు టాటా ఏస్ ఉండేది, అదే మనం చోటా హాథీ అని పిలుచుకునే బండి. దానికి ఇంజను సీటు కిందే ఉంటుంది. మే నెలలో ఆ సీటు మీద కూచోవడమంటే పెనం మీద కూచోవడమే. అప్పుడే మొదలైంది ఆయన ‘సోకు’. ముందు సీటు కింద మందపాటి కొబ్బరిపీచు పట్టా వేయించాడు. దాని మీద స్పాంజి, ఆపైన మెరూన్ రంగు రెగ్జిన్.

పికప్ కొన్నాక పని పెరిగింది. తలుపు లోపలివైపు సగం వట్టి రేకే. ఎండలో దాని మీద మోచెయ్యి ఆనిస్తే చురుక్కుమంటుంది. అందుకని స్పాంజి పెట్టి, పైన డైమండ్ కుట్టు రెగ్జిన్ వేయించాడు. పైకప్పు కాలకుండా లోపల ఫోమ్ షీటు, దాని మీద పూల వెల్వెట్. మార్కెట్లో దించే వంతు వచ్చేదాకా ఓ కునుకు తియ్యాలి కాబట్టి కుచ్చుల కర్టెన్. మీరు నవ్విన ప్రతి వస్తువు కిందా ఒక వేడో, ఒక నొప్పో, ఒక నిద్రలేమో ఉంది.

ఆగండి, ఇక్కడ నేనూ ఒక తప్పు చేస్తున్నా. ‘ఉపయోగం ఉంది కాబట్టి క్షమించండి’ అన్నట్టు వాదిస్తున్నా. డ్యాష్‌బోర్డు కింద వెలిగే నీలం లైటుకి ఏ ఉపయోగమూ లేదు. గ్లవ్‌బాక్సు మీద రేడియం స్టిక్కరుతో రాయించిన మా చెల్లెలి పేరుకీ లేదు. చిన్నాయనని అడిగితే, ‘ఇంట్లో కన్నా దీంట్లోనే ఎక్కువసేపు ఉంటా గదరా. ఇంటికి సున్నం కొట్టుకుంటే ఎందుకని ఎవురన్నా అడగతారా?’ అన్నాడు.

మా ఆఫీసులో మమ్మల్నీ ఎవరూ అడగరు. మా టీములో ఒకతను పదిహేను వేలు పోసి కీబోర్డు కొన్నాడు, నొక్కితే వచ్చే చప్పుడు కోసం. నా మానిటరు వెనకాల కూడా నీలం లైటే వెలుగుతుంది. దాన్ని మేం ‘సెటప్’ అంటాం, ఫోటోలు పెట్టుకుంటాం. ఏసీ గదిలో, తిరిగే కుర్చీలో కూచున్నవాడు చేస్తే అభిరుచి. రేకు డబ్బాలో కూచున్నవాడు చేస్తే ఓవర్.

ఈ మాట అనే అర్హత నాకు తక్కువే. పాత ఉద్యోగంలో ఒక సరుకు రవాణా కంపెనీకి యాప్ చేశాం. డ్రైవరు రోజూ పొద్దున్నే కేబిన్ ఫోటో పంపాలి. సూపర్‌వైజరు దాన్ని చూసి మూడింట్లో ఒకటి నొక్కాలి: శుభ్రం, శుభ్రం కాదు, అనవసర అలంకరణ. మూడోది నొక్కితే ఆ రోజుకి ట్రిప్పు లేదు. ఆ మూడో ఆప్షన్ పెట్టింది నేనే. రెండు రోజుల పని. ‘అనవసరం’ అని ఎవరు తేలుస్తారని నేను అడగలేదు. మీటింగులో ఇంకెవరూ అడగలేదు.

టమాటా సీజన్ లేనప్పుడు చిన్నాయన పార్సిళ్ళు తోలడానికి పోతాడు. అది వేరే కంపెనీ, వేరే యాప్. ఫోటో మాత్రం అదే. ఇప్పుడాయన కర్టెన్లకీ డ్యాష్ మీది గుడ్డకీ వెల్క్రో కుట్టించుకున్నాడు. పొద్దున పీకి గోతంలో పెడతాడు, ఫోటో తీసి పంపుతాడు, మళ్ళీ అంటిస్తాడు. తన బండిలో తనే దొంగతనంగా బతకడం ఇది. నాకిది నవ్వొచ్చే విషయం కాదు.

భద్రత సంగతేమిటని అడుగుతారు. న్యాయమే. అద్దానికి అడ్డంగా వేలాడే దండలు తీసెయ్యాల్సిందే. అద్దాలకి నల్ల ఫిల్మ్ వద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది, దానితో నాకు పేచీ లేదు. చూపుకి ఏది అడ్డమో ఆ పేరుతోనే రాయండి. సీటు కవరు రంగుని ఆ ఖాతాలో వెయ్యకండి.

డ్రైవర్ల సుఖం గురించి నిజంగా పట్టింపు ఉంటే అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ట్రక్కుల కేబిన్లకి ఏసీ ఉండాలని కేంద్రం 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. అది ఎన్2, ఎన్3 తరగతులకి, అంటే మొత్తం బరువు 3.5 టన్నులు దాటినవాటికే. చిన్నాయన పికప్, ఆ చోటా హాథీ ఈ గీతకి కిందే ఆగిపోయాయి. ఎండ మాత్రం తరగతి చూసి కాయదు. చట్టం వదిలేసిన చోట ఆయన స్పాంజి పెట్టుకున్నాడు, మనం దాన్ని వెక్కిరిస్తున్నాం.

కాబట్టి కళ గురించి రాసే మిత్రులారా, బండి వెనక నిలబడి ముచ్చటపడింది చాలు, ముందుకొచ్చి తలుపు తియ్యండి. ఆ కుట్టుపని చేసిన సీట్ల షాపతని చెయ్యీ, ఆ రంగు ఎంచుకున్న డ్రైవరు కన్నూ కనబడతాయి. నా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఒకటే మాట. మీ స్క్రీన్ మీద ‘అనవసర’ అనే పదం పెట్టమని ఎవరైనా అడిగితే, ఎవరికి అనవసరం అని ఒక్కసారి అడగండి. నేను అడగలేదు. అది ఇంకా అక్కడే ఉండుంటుంది.