దమ్మామ్ దారి తెలుసు, దోనా పావులా దారి తెలియదా?

పోయిన ఏప్రిల్‌లో మా భాంజీకి ఒక ఈమెయిల్ వచ్చింది. అప్పుడు బీఎస్సీ రెండో సంవత్సరం, జియాలజీ ఒక సబ్జెక్టు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు, అంటే బెంగళూరుది, ఢిల్లీది, ప్రయాగ్‌రాజ్‌ది, కలిసి ఏటా ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు ఎంపికైంది. రెండు నెలలు గోవాలో, దోనా పావులాలో ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో ఒక సైంటిస్ట్ దగ్గర పని. నెలనెలా స్టైపెండ్, రానుపోను రైలు ఛార్జీ కూడా వాళ్లదే. పిల్ల ఇంట్లో ఎవరినీ ఒక్క పైసా అడగలేదు. ఇజాజత్ మాత్రం అడిగింది.

ఆ రాత్రి ఇషా నమాజ్ అయ్యాక శంషాబాద్‌లోని మా ఆపా ఇంట్లో మష్వరా కూర్చుంది. దాదీ, తాయా, ఫుప్పా, మా దూల్హేభాయ్, నేను. హాల్ మధ్యలో పెద్ద సూట్‌కేస్ తెరిచి ఉంది. భాంజీ వాళ్ల అన్న సెలవు అయిపోయి దమ్మామ్ తిరిగి వెళ్తున్నాడు. ఆచార్ సీసాలు, ఉస్మానియా బిస్కెట్ డబ్బాలు త్రాసు మీద పెట్టి తీసి, పెట్టి తీసి, 30 కిలోలు దాటకుండా సర్దుతున్నారు. ఆ సూట్‌కేస్ చుట్టూ కూర్చునే పిల్ల సంగతి తేల్చేశారు.

"లడ్కీ జాత్, దో మహీనే బాహర్ కైసా రహతీ? నక్కో," అన్నది దాదీ. "సమందర్‌లో ఏముంది బేటా, మఛ్లీలు లెక్కపెడతావా?" అన్నారు తాయా. అందరూ నవ్వారు. పిల్ల నవ్వలేదు. నా వైపు చూసింది. మామూ అఖ్బార్‌వాలా కదా, నాలుగు ఊళ్లు తిరిగినవాడు కదా, ఏదో ఒకటి అంటాడని.

"ఈ సంవత్సరం వదిలేయ్ బేటా, వచ్చే సంవత్సరం చూద్దాం," అన్నాను.

ఆ మాట దాదీ అనలేదు, తాయా అనలేదు. నేనే అన్నాను. కాబట్టి కింద రాసిన దాంట్లో సగం గుస్సా నా మీదే అనుకోండి.

మర్నాడు రెండు కార్లలో పన్నెండు మందిమి ఎయిర్‌పోర్టుకు వెళ్లాం. అబ్బాయి 20 ఏళ్లకే ఏజెంట్ చేతిలో పాస్‌పోర్టు పెట్టి వెళ్లినవాడు. ముక్కూమొహం తెలియని ఆరుగురితో ఒకే కమరాలో ఉన్నాడు. అప్పుడు ఆ ఇంట్లో ఎవరూ హాస్టల్ వార్డెన్ ఎవరని అడగలేదు, తిండి హలాల్‌దేనా అని తప్ప. మరి పిల్ల వెళ్లాల్సింది సర్కారీ సంస్థకు. చిరునామా ఉంది, సైంటిస్ట్ పేరు ఉంది, ఫోన్ నంబరు ఉంది. వాటికి మనం ఇచ్చిన జవాబు నక్కో.

దమ్మామ్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్తాను. సౌదీ నసీబ్ మారింది ఆ ఊరి పక్కనే. 1938 మార్చిలో దమ్మామ్ 7వ నంబరు బావిలో చమురు పడింది. ముందు తవ్విన బావులు నిరాశపరిస్తే, ఎడారిలో ఏళ్లపాటు రాళ్ల పొరలు చదివిన జియాలజిస్ట్ మాక్స్ స్టైనెకీ ఇంకా లోతుకు పోదామని పట్టుబట్టాడు. మన మగపిల్లలు దాదాపు యాభై ఏళ్లుగా ఆ దేశానికి పోయి కార్లు నడుపుతున్నారు, ఏసీలు బాగుచేస్తున్నారు, షట్టరింగ్ కొడుతున్నారు. మెహనత్ కీ రోటీ, దాన్ని చిన్నచూపు చూసే హక్కు నాకు లేదు. మా ఖాందాన్‌లో సగం పెళ్లిళ్లు ఆ రియాళ్లతోనే జరిగాయి. కానీ ఆ జమీన్‌ను చదివినవాడికీ దాని మీద బండి నడిపినవాడికీ తేడా ఎక్కడ మొదలైందో అడగాలి కదా! చదువుకునే వయసులో, ఇలాంటి రెండు నెలల్లోనే మొదలవుతుంది.

హైదరాబాద్‌కు సమందర్ లేదు, మనకెందుకీ చదువు అంటారు. సునామీ వస్తే దేశానికి ఖబర్ ఇచ్చేది ఎక్కడి నుంచో తెలుసా? ప్రగతినగర్ నుంచి. 1999లో పెట్టిన ఇన్‌కాయిస్ అనే సంస్థ అక్కడ ఉంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత, 2007లో అందులోనే హెచ్చరికల కేంద్రం మొదలైంది. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నిటికీ సునామీ సమాచారం ఇచ్చే మూడు కేంద్రాల్లో అది ఒకటి. మిగతావి ఆస్ట్రేలియా, ఇండోనేషియాల్లో ఉన్నాయి. చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు చెప్పేదీ ఇక్కడి నుంచే. తాయా మజాక్ చేసిన మఛ్లీల లెక్క నిజంగానే జరుగుతుంది, మన ఊళ్లోనే జరుగుతుంది. ఉప్పల్ రోడ్డులో ఎన్‌జీఆర్‌ఐ 1961 నుంచి జల్‌జలాలు, భూగర్భ జలాలు చదువుతోంది. ఉపగ్రహాలు తీసిన బొమ్మలు దించుకునే ఎన్‌ఆర్‌ఎస్‌సీ యాంటెనాలు షాద్‌నగర్‌లో ఉన్నాయి.

షాద్‌నగర్ అంటే మనకు పరాయి ఊరా? జహంగీర్ పీరాఁ దర్గాకు ఎన్నిసార్లు వెళ్లలేదు? దేగ్ బండి మీద వేసుకుని, పిల్లలందరినీ కుక్కుకుని, బెంగళూరు హైవే మీద కొత్తూరు దాకా పోతాం, ఫాతిహా ఇప్పించి భోంచేసి తిరిగొస్తాం. అదే రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు పోతే షాద్‌నగర్. మా పిల్లలను నేను ఒక్కసారి కూడా అటు తీసుకుపోలేదు. లోపలికి రానివ్వకపోయినా రోడ్డు మీద నిలబడి చూపించి ఉండొచ్చు.

ఇంకా దగ్గరికి రండి. ఎయిర్‌పోర్టుకు అటుపక్క మహేశ్వరం. 1999లో ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్స్ భూగర్భ సర్వే సంస్థ కలిసి భూగర్భ జలాల పరిశోధన కేంద్రం పెట్టి, మహేశ్వరం పరివాహక ప్రాంతాన్ని ప్రయోగశాల చేసుకున్నాయి. 53 చదరపు కిలోమీటర్లు, 700కు పైగా బోర్లు. ఫ్రాన్స్ నుంచి వచ్చినవాళ్లు మన గ్రానైట్‌లో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో కొలిచారు. వాళ్లకు తేలింది ఇది: పైన మెత్తబడిన రాయి పొర, దాని కింద పగుళ్ల పొర, నీళ్లు ఎక్కువగా ఆ పగుళ్లలోనే. అది దాటి గట్టి రాయిలోకి దిగాక నీళ్లు పడే ఆశ తగ్గిపోతుంది. అది తెలిసినవాడు 800 అడుగులు తవ్వే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు.

మా దూల్హేభాయ్ ఆలోచించలేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ప్లాట్ అంతా తిరిగిన మనిషికి డబ్బులిచ్చి, అతను ఆగిన చోటల్లా తవ్వించారు. మూడో బోరు పోయిన జూన్‌లో, అంటే పిల్ల గోవాలో ఉండాల్సిన రోజుల్లో వేశారు. "అబ్బా, పగుళ్ల పొర ఎంత లోతుందో ముందు కొలిపించండి," అని పిల్ల అన్నదట. "తూ చుప్ బైఠ్," అన్నారట తాయా. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ బోరు ఖర్చుతో ఇద్దరు పిల్లలు గోవాలో రెండు నెలలు స్టైపెండ్ లేకుండానే ఉండి రావచ్చు.

నీళ్లు దొరకకపోతే బోరు పైసలు పోతాయి. నీళ్లు వద్దన్నా వస్తే ప్రాణాలు పోతాయి. 2020 అక్టోబరు 13 రాత్రి గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు తెగి హైవే మీదికి వచ్చింది, మనుషులు కొట్టుకుపోయారు. అదే రోజుల్లో అలీనగర్ దగ్గర పల్లె చెరువు, తర్వాత హఫీజ్ బాబా నగర్ మీదికి గుర్రం చెరువు. పేర్లు చదవండి. ఎవరి మొహల్లాలు ఇవి? చెరువు శిఖంలో ప్లాట్ అమ్మినవాడి మీద మనం జలూస్ తీశాం, సర్కారును తిట్టాం, రెండూ సరే. కానీ ఆ ప్లాట్ కొనేటప్పుడు నక్షా తీసి ఇది నీళ్ల దారి, కొనొద్దని చెప్పే పిల్ల ఆ మొహల్లాలో ఒక్కతి కూడా లేకపోయింది. ఉన్నా తూ చుప్ బైఠ్ అనేవాళ్లమేమో. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచాకే ఉస్మాన్‌సాగర్ కట్టారు, శంషాబాద్ పక్కన హిమాయత్‌సాగర్ కట్టారు. వందేళ్లు దాటింది. నీళ్లను చదివే పని ఇప్పటికీ ఎవరో వేరేవాళ్లు చేయాలని చూస్తున్నాం.

జల్సాల్లో మాత్రం మన గొంతు లేస్తుంది. అల్-బిరూనీ వెయ్యేళ్ల కిందటే గంగా మైదానంలో రాళ్లు చూసి చెప్పాడంటాం: పర్వతాల దగ్గర పెద్ద రాళ్లు, దూరం పోయేకొద్దీ చిన్నవి, సముద్రం దగ్గర ఇసుక, కాబట్టి ఇదంతా ఒకప్పుడు సముద్రం అయ్యుండాలని. నిజమే, చెప్పాడు. ఆ తఖ్రీర్ విని చప్పట్లు కొట్టినవాళ్లను సయ్యద్ జహూర్ ఖాసిమ్ ఎవరని అడగండి. అలహాబాద్ మనిషి, అలీగఢ్‌లో చదివాడు. 1981 డిసెంబరులో గోవా నుంచి బయలుదేరి 1982 జనవరిలో అంటార్కిటికా మీద దిగిన మొట్టమొదటి భారత బృందానికి నాయకుడు. 21 మందిని మంచు మీదికి తీసుకుపోయి క్షేమంగా తెచ్చాడు. తర్వాత జామియా మిల్లియాకు వైస్ చాన్సలర్ అయ్యాడు, 2015లో ఇంతెఖాల్ అయ్యాడు. అంటార్కిటికా ముందు ఏడేళ్లు ఆయన డైరెక్టర్‌గా కూర్చున్న సంస్థ ఏదనుకున్నారు? దోనా పావులాలోని ఆ సంస్థే. మా పిల్లను మనం పంపనిది అక్కడికే. ఆ రాత్రి ఈ సంగతి నాకూ తెలియదు, తర్వాత చదివాను. తెలిసి ఉంటే నోరు విప్పేవాణ్ణా? ఖచ్చితంగా చెప్పలేను.

జబాన్ అడ్డం అనేవాళ్లకు ఒక్క మాట. నేను ఉర్దూ మీడియంలో జుగ్రాఫియా చదివాను. 1993లో లాతూర్ జల్‌జలాకు తెల్లవారుజామున మా ఇంట్లో గిన్నెలు కదిలితే, పొద్దున మాస్టర్ సాబ్ పాఠం ఆపి బల్ల మీద రెండు పుస్తకాలు ఒకదానికొకటి ఒరిపించి భూమి ఎందుకు కదిలిందో ఉర్దూలోనే చూపించారు. తర్వాత డిగ్రీ తెలుగులో చేశాను. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైందే ఉర్దూలో. దాని కోసం దారుల్ తర్జుమా సైన్స్ పుస్తకాలు వరుసగా తర్జుమా చేసింది. జబాన్ ఎప్పుడూ అడ్డం రాలేదు, మన బద్ధకానికి దాని పేరు పెట్టుకున్నాం.

అన్నీ మన ఇళ్ల తప్పులే అంటే అదీ జుల్మ్ అవుతుంది. ఫెలోషిప్ దరఖాస్తుకు టీచర్ సిఫారిష్ ఉత్తరం కావాలి. భాంజీ కాలేజీలో ఒక లెక్చరర్ మూడు వారాలు తిప్పించుకుని, "ఇవన్నీ మీవాళ్లు పంపరు కదమ్మా, నా టైమ్ ఎందుకు?" అన్నాడట. ఆ మాట నిజమైందన్నదే నన్ను ఎక్కువ కాలుస్తోంది. ఇంకో సంగతి, స్టైపెండ్ ఇచ్చే ఫెలోషిప్‌లు తక్కువ. చాలాచోట్ల ఇంటర్న్‌షిప్ అంటే ఉత్త సర్టిఫికెట్. వేసవి రెండు నెలలు కేటరింగ్‌లో ప్లేట్లు మోసో, కార్గోలో రాత్రి షిఫ్ట్ చేసో ఫీజు కూడబెట్టుకునే పిల్లవాడికి పైసలు లేని రీసెర్చ్ అంటే తలుపు మూసినట్టే. ప్రజల పన్నులతో నడిచే సంస్థలు జీతం లేకుండా పిల్లలతో పని చేయించుకోవడం ఇన్సాఫ్ కాదు. ఈ మాట అడగడానికి మన ఎమ్మెల్యేలకు జబాన్ లేదా?

మన జకాత్ కమిటీలు, వెల్ఫేర్ సొసైటీలు ఇంజినీరింగ్ ఫీజులు కడుతున్నాయి, అల్లా ఖుబూల్ చేయాలి. అందులోంచి ముస్తహఖ్ పిల్లలు పది మందికి రెండు నెలల హాస్టల్ ఖర్చు ఇవ్వండి. పిల్లలు దూరం పోవడానికి భయమైతే ప్రగతినగర్ ఉంది, ఉప్పల్ ఉంది, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లకు కూడా చెప్తున్నా. అక్కడ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే వేసవి పరిశోధనా కార్యక్రమాలు ఆ దేశ పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. మీ పిల్లలు ఆ హక్ పుట్టుకతోనే తెచ్చుకున్నారు. మెసాచుసెట్స్‌లో వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ 1959 నుంచి కాలేజీ పిల్లలను వేసవిలో పిలుస్తోంది. మెడిసిన్ సీటు ఫిక్ర్‌లో పడి వాటిని వదిలేయకండి.

ఇక నౌకరీ. జియాలజీ, జియోఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసినవాళ్లకు యూపీఎస్సీ ప్రత్యేకంగా జియో సైంటిస్ట్ పరీక్ష పెడుతుంది. జియలాజికల్ సర్వేలో, కేంద్ర భూగర్భ జల మండలిలో గెజిటెడ్ పోస్టులు. ఇంజినీరింగ్ చేసి కాల్ సెంటర్‌లో కూర్చున్న పిల్లల ఇళ్లలో ఈ పరీక్ష పేరు ఎందరు విన్నారు?

ఆ వేసవి రెండు నెలలు భాంజీ ఇంట్లోనే ఉంది. పక్కింటి పిల్లలకు ట్యూషన్ చెప్పింది, మగ్గం పని నేర్చుకుంది. "వచ్చే సంవత్సరం" అని నేనన్న సంవత్సరం వచ్చింది. ఇప్పుడు చివరి ఏడు. ఆ ఫెలోషిప్‌కు ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం పిల్లలు కూడా పెట్టుకోవచ్చు. అంటే ముందు ఎమ్మెస్సీలో చేరనివ్వాలి. రిష్తాలు చూస్తున్నారని ఆపా మొన్న ఫోన్‌లో చెప్పింది. ఆదివారం శంషాబాద్ వెళ్తున్నాను. తాయా కూడా ఉంటారట.