గేర్‌బాక్సు ఏది కొనాలి అని కాదు, అసలెందుకు అని అడగండి

సంక్రాంతికి పామర్రు వెళ్తే మా బాబాయి పట్టుకున్నాడు. "ఒరేయ్, ఇంజనీరువేగా, జనరేటరుకి ఏ గేర్‌బాక్సు కొనాలో చెప్పు" అని. నేను జావా రాసుకునే ఇంజనీర్ని బాబాయ్ అంటే వినడే! ఆయన లెక్కలో ఇంజనీరంటే ఇంజనీరే.

సంగతేంటంటే ఆయనకి రొయ్యల చెరువుంది. రాత్రిళ్ళు చెరువులో ఆక్సిజన్ తయారవదు, ఖర్చు మాత్రం ఆగదు. తెల్లవారుజాముకి అడుగంటుతుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయంటే, కొన్ని గంటల్లో పంటంతా పోయినట్టే. అందుకని చవగ్గా వస్తోందని ఓ పాత డీజిల్ ఇంజన్ చూసి పెట్టుకున్నాడు. అది 30 కిలోవాట్లు ఇవ్వాలంటే 3000 ఆర్పీఎం తిరగాలి. ఆల్టర్నేటరేమో నాలుగు పోల్సుది, 50 హెర్ట్జ్ కోసం 1500 తిరగాలి. మధ్యలో 2:1 గేర్‌బాక్సు, అటొకటి ఇటొకటి కప్లింగు. కాగితం మీద బ్రహ్మాండం!

నా సలహా ఒక్కటే: వద్దు.

గేర్‌బాక్సుని హార్స్‌పవర్ చెప్పి కొనేస్తారు మనవాళ్ళు. నిజానికి చూడాల్సింది టార్క్. కిలోవాట్లని 9550తో హెచ్చవేసి ఆర్పీఎంతో భాగించండి. ఇంజన్ వైపు 95, ఆల్టర్నేటర్ వైపు 191 న్యూటన్ మీటర్లు వస్తాయి. ఇది సగటు మాత్రమే. డీజిల్ ఇంజన్ టార్క్ నున్నగా రాదు, సిలిండర్ పేలినప్పుడల్లా ఓ గుద్దు. పైగా ఏరియేటర్ మోటార్లు నేరుగా స్టార్టయితే మామూలు కరెంటుకి ఆరేడు రెట్లు లాగుతాయి, ఆ దెబ్బా గేరు పళ్ళ మీదే. అందుకే సర్వీస్ ఫ్యాక్టర్ వేసి పెద్ద సైజు తీసుకోవాలి. అప్పుడు ఇంజన్లో మిగిలిన డబ్బు గేర్‌బాక్సు తినేస్తుంది.

ఇక కప్లింగు. రబ్బరుంది కదా, షాఫ్టులు కాస్త వంకరగా ఉన్నా అదే సర్దుకుంటుందని ఓ నమ్మకం. సర్దుకోదండీ, అరుగుతుంది! తర్వాత బేరింగుల వంతు. రబ్బరుండేది ముఖ్యంగా గుద్దుల్ని మింగడానికి. అలైన్‌మెంట్ డయల్ గేజి పెట్టి చూడాల్సిందే. మన నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. మూడు మెషిన్లని మూడు దిమ్మల మీద పెడితే ఏడాది తిరక్కుండా మూడూ మూడు దారులు పడతాయి. అన్నీ ఒకే గట్టి ఇనుప ఫ్రేమ్ మీద ఉండాలి.

గేర్‌బాక్సు చెడ్డదని కాదు. బాబాయి ఏరియేటర్లోనే ఒకటుంది. 1440 తిరిగే మోటారుతో నీళ్ళలో రెక్కల్ని నిమిషానికి వంద చుట్లు తిప్పాలంటే వేరే దారి లేదు. చక్కెర ఫ్యాక్టరీల్లో చిన్న ఆవిరి టర్బైన్లు వేల ఆర్పీఎం మీదే బాగా పనిచేస్తాయి కాబట్టి అక్కడా తప్పదు. అదే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో 210 మెగావాట్ల టర్బైన్ చూడండి. రెండు పోల్స్ జనరేటర్ని 3000 మీద నేరుగా తిప్పుతుంది, మధ్యలో గేర్లే లేవు. అవసరమైతేనే గేర్‌బాక్సు, అంతే.

మనం చేసేది మాత్రం వేరా? ఒకదానికొకటి పొసగని రెండు సిస్టమ్స్ చవగ్గా తెచ్చి మధ్యలో ఓ అడాప్టర్ రాస్తాం. అర్ధరాత్రి ఫోనొచ్చేది ఎప్పుడూ దాని గురించే. మనకైతే మర్నాడు ఓ మెయిలు పెడితే సరిపోతుంది. బాబాయికి అలా కాదు, చెరువు మీద అప్పుంది.

చివరికి 1500 మీదే తిరిగే ఇంజన్, ఆల్టర్నేటర్ ఒకే ఫ్రేమ్ మీద నేరుగా కలిపిన సెట్టు తీసుకోమన్నాను. కెపాసిటీ కాస్త తక్కువైనా పర్లేదు, ఏరియేటర్లు ఒక్కొక్కటిగా ఆన్ చెయ్యమన్నాను. అంతా విని, "బానే ఉందిరా, ఇంతకీ గేర్‌బాక్సు ఏ కంపెనీదో చెప్పలేదు" అన్నాడు.

మళ్ళీ మొదట్నించీ చెప్పాను.